పురిటింటి పలకరింపు

కొల్లేరు చూడవచ్చిన వారికి గూడబాతులు, కొంగలు, చేపల చెరువులు కనిపిస్తాయి. లంకలలో కాపురముండే మాకు కొల్లేరంటే ముందుగా గుర్తుకు వచ్చేది దూరం. చెప్పుకోవడానికి ఏలూరు దగ్గరే. కాని బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోసిన నీరంతా ఒక్క ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోవాలి. అది పోయేలోగా దారులు మునుగుతాయి. నొప్పులు మాత్రం నీరు తీసే వరకు ఆగవు.

మా నాయనమ్మ కాలంలో మంత్రసానియే పురుడు పోసేది. ఆమె చేతి నేర్పును నేను తక్కువ చేయను. అయితే రక్తస్రావం ఆగనప్పుడు ఆ నేర్పు చాలేది కాదు. 2005 ఆగస్టులో మన రాష్ట్రంలో 108 అంబులెన్సులు మొదలైనాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా పల్లెలకు ఆశా కార్యకర్తలు వచ్చారు. సుమారు వెయ్యిమంది జనాభాకు ఒకరు చొప్పున, ఆ ఊళ్లోనే నివసించే స్త్రీని ఎంపిక చేయాలన్నది నియమం. పథకం బలమంతా ఆ నియమంలోనే ఉన్నదని నా అభిప్రాయం. డాక్టరుగారు ఇనుము మాత్రలు రాసి ఇస్తారు. వికారమని వాటిని కాలువలో పారేసిన గర్భిణులను నేనెరుగుదును. మా ఆశా కోప్పడదు. రాత్రి భోజనమయ్యాక వేసుకోమని చెప్పి, మర్నాడు మళ్లీ వచ్చి అడుగుతుంది. పక్కవీధి కోడలు కనుక ఆమెతో అబద్ధమాడడం కష్టం.

2004-06లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రతి లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు మరణించారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కు తగ్గింది. ఆసుపత్రులు, రోడ్లు, చదువు అన్నిటికీ ఇందులో భాగముంది. గడప గడపకూ తిరిగిన ఈ స్త్రీల భాగమూ చిన్నది కాదు.

తొలికాన్పు పుట్టింట జరగాలన్న మన ఆచారం వీరి పనిని మరింత చిక్కు చేస్తుంది. మా అక్క కూతురిని తాడేపల్లిగూడెం దగ్గరి పల్లెకు ఇచ్చాము. రక్తపోటు పెరుగుతున్నదని అక్కడి ఏ.ఎన్.ఎం. మాతా శిశు సంరక్షణ కార్డులో రాసింది. 2024 ఆగస్టులో పిల్ల పుట్టింటికి వచ్చింది. అక్కడి ఆశా ఇక్కడి ఆశాకు ఫోను చేయకపోతే ఆ కార్డు పెట్టెలో చీరల అడుగున ఉండిపోయేది.

సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచెత్తింది. ఆ నీరు ఇక కొల్లేటికే వస్తుందని లంకలో పసిపిల్లలకూ తెలుసు. ఆ సాయంత్రమే మా ఆశా వచ్చింది.

“వదినా, రేపే అమ్మాయిని ఏలూరు తీసుకుపోదాం.”

“ఇంకా పదిరోజులుంది కదమ్మా! పైగా రేపు పోలాల అమావాస్య. పిల్లల కోసం చేసే పూజ మానుకుని గడప దాటించమంటావా?”

“తెల్లవారుజామునే కందమొక్కకు పూజ చేసేసుకో. పోలేరమ్మ తల్లి వద్దనదు. నీళ్లే వద్దంటాయి.”

మర్నాడు ఆటోలో ఆశా కూడా వెంట వెళ్లింది. ఆ వారంలోనే ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి నీరెక్కి రాకపోకలు నిలిచాయి. ఏలూరు ఆసుపత్రిలో రక్తపోటు ఒక్కసారిగా పెరగడంతో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఆ రాత్రి వాళ్లు లంకలోనే ఉండి ఉంటే అన్న ఊహను మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

నీరు తీశాక తల్లీబిడ్డలు ఇల్లు చేరారు. మర్నాడే ఆశా వచ్చి, సబ్బుతో చేతులు కడుక్కుని, పాపను గుడ్డ ఉయ్యాలలో వేసి తూచింది, ఒంటి వేడి చూసింది. తేనె నాకించబోయిన పెద్దావిడను వారించి, తల్లిపాలే చాలునన్నది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు 3, 7, 14, 21, 28, 42 రోజులలో ఇటువంటి పలకరింపులు ఉండాలి. గడ్చిరోలి పల్లెలలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1990లలో ఊరి స్త్రీలకే శిక్షణనిచ్చి సాధించి చూపిన పద్ధతి ఇది. 2011 నుండి దేశమంతటా ఆశాల బాధ్యతలలో చేరింది.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశాలను పురస్కారంతో గౌరవించింది. అయినా ప్రభుత్వ లెక్కలలో వారు ఉద్యోగులు కారు, స్వచ్ఛంద సేవకులు. అర్ధరాత్రి తలుపు తట్టేవారికి ఈ భేదం తెలియదు.

మూడో నెలలో పాపను అత్తవారింటికి పంపే ఏర్పాట్లు జరిగాయి. పద్నాలుగో వారం టీకా ఇంకా మిగిలి ఉంది. బట్టలు సర్దుతుండగా మా ఆశా కార్డును పైసంచిలో పెట్టించి, గూడెం వైపు ఆశాకు ఫోను చేసి తేదీ చెప్పింది.