ఉంగరంలో దాచుకున్న మనిషి

"ఆడవాళ్ళు చరిత్ర పుస్తకం తెరిచినా నగల బొమ్మ దగ్గరే ఆగిపోతారు" అన్నారు మావారు. అవునండీ, ఆగిపోయాను. ఆ ఉంగరం అలాంటిది మరి!

అది ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్‌ది. 1575 ప్రాంతంలో చేశారట. ఇప్పుడు బ్రిటన్ ప్రధానమంత్రి విడిది చెకర్స్ భవనంలో ఉంది. ముత్యపు చిప్పతో చేసిన వలయం, దానికి కెంపులు, పైన వజ్రాలతో పేర్చిన 'ఇ' అక్షరం. పైభాగం మూతలా తెరిస్తే లోపల రెండు బుల్లి ముఖాలు! ఒకటి రాణిది. ఎదురుగా ఉన్నది ఆమె తల్లి ఆన్ బొలీన్ అని చాలామంది అంటారు. సవతితల్లి కాథరిన్ పార్ అనేవాళ్ళూ లేకపోలేదు. నా మనసు మాత్రం కన్నతల్లి వైపే మొగ్గింది.

ఎందుకంటారా? ఆన్‌ని పెళ్ళాడటం కోసం ఎనిమిదో హెన్రీ పోపుతోనే తెగతెంపులు చేసుకున్నాడు. మొదటి భార్య నగలు కూడా ఆన్ కోసం ఇమ్మని 1532లో కబురు పెట్టాడు. రాజాజ్ఞ కాగితం మీద వచ్చేదాకా ఇవ్వనందట ఆ ఇల్లాలు! అంత చేసి తెచ్చుకున్న ఆన్‌కే 1536లో తల తీయించాడు. అప్పటికి ఎలిజబెత్‌కి మూడేళ్ళు నిండలేదు. తర్వాత ఆ పిల్లే రాణి అయింది. కానీ తల్లి పేరెత్తితే పోపా, రాజా అన్న పాత గొడవంతా మళ్ళీ తవ్వినట్టే. అందుకే కాబోలు, వేలికి తొడుక్కుని మూత వేసుకుంది.

చిత్రమేమిటంటే, పోపు ఆశీర్వదించిన జపమాలలు, శిలువలు తెచ్చి పంచటం నేరమని 1571లో ఆ రాణిగారి హయాంలోనే చట్టం వచ్చింది. పది బొడిపెలున్న ఉంగరాలుండేవి ఆ రోజుల్లో. వేలితో ఒక్కొక్క బొడిపే తడుముకుంటే అదే జపమాల. చూసేవాళ్ళకి వట్టి ఉంగరం!

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అక్క వేరే మతం అబ్బాయిని చేసుకున్ననాడు "ఈ ఇంట్లో దాని పేరు వినపడకూడదు" అన్నారు నాన్నగారు. అమ్మ పదిహేడేళ్ళు ఆ పేరు ఎత్తలేదు. ఏం తల్లి అని నాకు లోలోపల కోపంగా ఉండేది. అమ్మ మెడలో పుస్తెల పక్కన ఒక పసిపిల్లల ఉంగరం వేలాడుతుండేది. అడిగితే "ఏదో పాతదిలేవే" అనేది.

అమ్మ పోయిన రోజు అక్క వచ్చింది. మెడలోంచి తీసిన గొలుసు చూసి "అది నా బారసాల ఉంగరం" అని కూలబడిపోయింది. రోజూ కళ్ళెదుట చూస్తూ కూడా నాకు తెలియలేదు. నాన్నగారికి తెలుసేమో! గోడ వైపు తిరిగి "దానిది దానికిచ్చెయ్యండి" అన్నారు.

"ఇంతకీ ఎంత చేస్తుందేం ఆ ఉంగరం?" అంటున్నారు మావారు.

ఏమని చెప్పను?