మొదటి ఆట చూసి మోసపోయాను!

ఉదయం ఆటకి హాలు నిండగానే నూరు రోజులు ఖాయమని రాసేసే తొందర నాకూ ఉండేది. అది సినిమాలతో ఆగినా బాగుండును. వీడియో గేముల దాకా పాకింది.

సంగతి 2012 నాటిది. డిగ్రీ పూర్తిచేసి పత్రికలకి నాలుగు ముక్కలు రాసుకుంటున్న రోజులు. బెజవాడలో మా మేనత్త కొడుకు, అంటే బావ, చిన్న గేముల పార్లరు నడిపేవాడు. గంటకింతని లెక్క. నింటెండో వారి ‘వీ’ మీద పిల్లలు రిమోటు ఊపుతూ టెన్నిస్ ఆడుతుంటే నిలబడ్డానికి చోటుండేది కాదు. ఆ నవంబరులో దాని తర్వాతది, ‘వీ యూ’, అమెరికాలో విడుదలైంది. మొదటి వారంలోనే 4 లక్షలకు పైగా అమ్ముడైంది. ఇంకేం కావాలి?

“కళ్లు మూసుకుని కొనెయ్ బావా, ఓపెనింగ్స్ చూడు!” అన్నాను.

పాపం, నా మాట నమ్మి చీటీ పాడి రెండు తెప్పించాడు.

వచ్చిన పిల్లాడొకడు దాని తెర ఉన్న కంట్రోలరు అటూ ఇటూ తిప్పి, “ఇది పాతదానికే కొత్త పలకా అంకుల్?” అన్నాడు. నవ్వాను. నవ్వాల్సిన మాట కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో పెద్దవాళ్లూ అచ్చం అలాగే పొరబడ్డారట! పేరు అలాంటిది మరి. దానికి తోడు బయటి కంపెనీలు ఒక్కొక్కటే జారుకున్నాయి. నింటెండో సొంత గేములు బాగానే ఉన్నా, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య నెలల తరబడి ఎదురుచూపులు. పాత ‘వీ’ 10 కోట్లు దాటిపోతే, ఇది మొత్తం మీద 1 కోటి 35 లక్షల దగ్గర చతికిలపడింది. బావ పార్లరులో అది మూలకి చేరింది. చీటీ వాయిదాలు మాత్రం నెలనెలా నడిచాయి. బావ నన్నొక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

చెయ్యి కాలింది కదా, 2017 మార్చిలో ‘స్విచ్’ వచ్చినప్పుడు “ముట్టుకోకు బావా” అన్నాను. అది కాస్తా 15 కోట్లు దాటింది! ఇంట్లో టీవీకీ, ప్రయాణంలో చేతిలోకీ ఒకటే యంత్రం. ఆ సంగతి చూడగానే ఎవరికైనా అర్థమవుతుంది. నాకు తప్ప!

ఇక 2025 జూన్ 5న ‘స్విచ్ 2’. నాలుగు రోజుల్లో 35 లక్షలు. అభిమానుల వరసలు, అర్ధరాత్రి అమ్మకాలు, అచ్చం మన పెద్ద హీరో సినిమా హడావిడే. ఈసారి నేను ఆ వరసల వంక చూడలేదు. అభిమాని ఎలాగూ కొంటాడు. రెండో వారం హాలుకొచ్చే మామూలు మనిషి సంగతేమిటని ఆలోచించాను. పేరులో తికమక లేదు. పాత స్విచ్ గేములు చాలా వరకు ఇందులోనూ ఆడతాయి, కాబట్టి కొత్తవి ఆలస్యమైనా ఇల్లు ఖాళీగా ఉండదు. గుచ్చుకునేది ధరే. విడుదలైనప్పుడు యంత్రం దాదాపు 450 డాలర్లు, ‘మారియో కార్ట్ వరల్డ్’ ఒక్కటీ విడిగా కొంటే 80. పిల్లలున్న ఇల్లు ఏడాదికి ఎన్నని కొంటుంది?

నా మట్టుకు నాకు ఇది గట్టిగా ఆడుతుందనే అనిపిస్తోంది. అన్నగారి రికార్డు బద్దలు కొడుతుందంటే మాత్రం నమ్మను.

మొన్న బావ కొడుకు ఫోన్ చేసి, “మావయ్యా, కొనమంటావా?” అన్నాడు. వెనకాల బావ గొంతు: “వాణ్ణి అడగమాకురా!”

ఈసారి చీటీ నేనే పాడతానని చెప్పాను. బావ ఇంకా ఔననలేదు.