రాజధానిలో రాతిబంతుల వేట

ఢిల్లీకి బదిలీపై వచ్చిన తెలుగువారు మొదటి సంవత్సరం ఎర్రకోట, కుతుబ్ మీనారు, ఆగ్రా చూసి వస్తారు. రెండవ సంవత్సరం నుండి ఆదివారాలు ఎట్లా గడపాలా అని ఆలోచిస్తారు. గోదావరి ప్రాంతపు డ్రిల్లింగ్ విభాగం నుండి ప్రధాన కార్యాలయానికి వచ్చిన మేము ముగ్గురమూ ఆ రెండవ దశలో ఉండగా, ఒక మధ్యాహ్నం ఆంధ్రభవన్‌లో భోజనం ముగించుకొని పహాడ్‌గంజ్ వైపు నడిచాము. అక్కడ ఒక సందులోని చిన్న దుకాణంలో కనిపించిన రాయి మా ఆదివారాల సమస్యను తీర్చివేసింది.

అది పిడికిలంత నల్లరాయి. సగానికి పగిలి, లోపల గిన్నెవలె గుల్లగా ఉన్నది. ఆ గిన్నెలో మూడు తెల్లని బంతులు. పండిన పత్తికాయ పగిలి దూది బయటపడినట్లే ఉన్నది. దూదిని జిగురుతో అంటించి మమ్ములను మోసం చేస్తున్నాడని మాలో ఒకరికి గట్టి అనుమానం. వేలు చాపబోగా దుకాణదారు గబుక్కున చెయ్యి అడ్డం పెట్టి, "ముట్టుకోకండి సాహబ్, ముట్టుకుంటే ఇక బాగుపడదు" అన్నాడు. అది ఓకెనైట్ అనే ఖనిజం. ఆ దూది నిజానికి వెంట్రుకకంటె సన్నని స్ఫటికాల సముదాయం. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త లోరెంజ్ ఓకెన్ పేరిట 1828లో దానికి ఆ పేరు పెట్టారు. మొదట దొరికినది గ్రీన్‌లాండ్‌లో. అందమైనవి దొరికేది మన దక్కనులో.

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రితం పశ్చిమ భారతమంతటా పారిన లావా గట్టిపడినప్పుడు దానిలోని వాయువు బుడగలు గుల్లలుగా మిగిలిపోయాయి. తరువాతి కాలంలో వేడినీరు ఆ గుల్లలలోకి ఇంకి, తాను కరిగించి తెచ్చిన పదార్థాన్ని అక్కడ విడిచింది. పూనా, నాసిక్, జల్గాం ప్రాంతాలలో రోడ్డు కంకర కోసం నల్లరాయిని పగులగొడుతుంటే ఆ గుల్లలు బయటపడతాయి. బావి త్రవ్వేవారికీ దొరుకుతాయి. చూపుగల కూలీ చేతిలో పడితే బయటికి వస్తాయి. లేకుంటే క్రషర్‌లోకి పోతాయి. ఆ నల్లరాయి మనకూ క్రొత్త కాదు. రాజమండ్రి చెంత కాటేరు, పంగిడి క్వారీలలో ఉన్నది అదే జాతి రాయి. మేము ఏండ్ల తరబడి వాటి ప్రక్కనుండే జీపులో వెళ్ళినవారము. ఒక్కనాడూ దిగి చూడలేదు.

స్ఫటికమంటే అంచులూ కోణాలూ తీర్చినట్లుండేది కదా, అది బంతి ఎట్లా అవుతుంది? ఈ ప్రశ్న మమ్ములను వారం రోజులు వేధించింది. జవాబుకు కదంబ పుష్పాన్ని తలచుకుంటే చాలును. కదంబంలో ఏ కేసరమూ గుండ్రంగా ఉండదు. అన్నీ సూటిగా ఉన్న సన్నని పుల్లలే. ఒకే నడిమి నుండి అన్ని దిక్కులకూ, సమానమైన పొడవున వెలువడటం చేత పువ్వు బంతి అయింది. ఖనిజంలోనూ ఒక చిన్న బీజం వద్ద మొదలై, సూదులో రేకులో అన్ని వైపులకూ ఒకే వేగంతో పెరిగితే వాటి కొనలన్నీ కలిసి గోళమవుతాయి. అందువలన నిజమైన రాతిబంతిని పగులగొడితే లోపల చక్రపు ఆకులవలె గీతలు కనిపిస్తాయి. ఏటిలో దొర్లి నునుపు తేలిన గులకరాయికి ఆ గీతలుండవు. మా వేటకు ఇదే కొలబద్ద.

ఆ తరువాత మేము కొనగలిగినవి కొన్నాము, కొనలేనివి చూశాము. ప్రీనైట్ లేత ఆకుపచ్చని ద్రాక్షగుత్తి. 18వ శతాబ్దం చివర హెండ్రిక్ ఫాన్ ప్రెన్ అనే డచ్చి సైనికాధికారి పేరిట దానికి నామకరణం జరిగింది. గైరోలైట్ తేనెరంగు గోళీ. కావన్సైట్ మాత్రం మా జేబులకు అందలేదు. కాల్షియం, వెనేడియం, సిలికేట్ అనే మూడు మాటల ముక్కలు కలిపి ఆ పేరు కట్టారు. మొదట దొరికినది అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో అయినా, లోకంలోని సంగ్రాహకులు కోరుకునేది పూనా దగ్గరి వాఘోలి క్వారీలదే. తెల్లని స్టిల్‌బైట్ మీద నెమలికంఠపు నీలిరంగులో బఠాణీగింజంత బంతి! దుకాణదారు చెప్పిన ధర విని, టీ త్రాగి, నమస్కారం చెప్పి వచ్చాము.

ఢిల్లీలో కొనే ప్రతి బంతీ బయటి ఊరిదే. మరి ఈ నేలకు సొంతమైన గుండ్రని రాయి లేదా? ఆ చలికాలం నాలుగైదు ఆదివారాలు దీని వెంట తిరిగాము. ఢిల్లీ వెన్నెముక రిడ్జ్. ఆరావళి పర్వతాలు ఈశాన్యానికి వచ్చి యమున ఒడ్డున తల వాల్చిన చోటు. ఉత్తరాన విశ్వవిద్యాలయం ప్రక్కన, దక్షిణాన సంజయ్ వనంలో, జె.ఎన్.యూ. ఆవరణలో ఆ రాయి పైకి తేలి కనిపిస్తుంది. అది క్వార్ట్‌జైట్. ఒకప్పటి ఇసుక భూగర్భపు వేడికీ ఒత్తిడికీ లోనై ఉక్కువలె బిగిసినది. 14వ శతాబ్దంలో తుగ్లకాబాద్ కోట గోడలకెక్కినది ఈ రాయే. బలమైనదే కాని, బుడగలు లేవు, గుల్లలు లేవు. బంతి పుట్టడానికి తావే లేదు. ఆ రాయి ముక్కలై ఇసుకగా మారినదానిని ఇక్కడి తాపీపనివారు నేటికీ "బదర్‌పూర్" అనే పిలుస్తారు. ఆ ఇసుక కోసం త్రవ్విన భట్టీ గనుల లోతైన గుంతలు నేడు అసోలా అభయారణ్యంలో చేరి, నీరు నిండి చెరువులై ఉన్నాయి. 2009లో సుప్రీంకోర్టు ఫరీదాబాద్, గుర్గాఁవ్, మేవాత్ కొండలలో త్రవ్వకాన్ని నిలిపివేసింది. అభయారణ్యంలో చిన్న రాయినైనా కదపరాదు. మేము చూసి వచ్చాము, తీసుకొని రాలేదు.

ఢిల్లీ సొంత బంతి చివరికి కొండమీద కాక మట్టిలో దొరికింది. యమున పరచిన ఒండ్రులో, పునాదులు త్రవ్వే చోటల్లా, తెల్లగా బూడిదరంగుగా ఉసిరికాయంత గడ్డలు పైకి వస్తాయి. వాటిని ఇక్కడివారు "కంకర్" అంటారు. మనం రోడ్డు మీద పరచే నల్లరాతి ముక్కలను కంకర అంటాము. మాట ఒకటే, వస్తువు వేరు. నేలలోని తేమ ఎండకు ఆవిరవుతూ, తనలోని సున్నాన్ని కొంచెం కొంచెంగా ఒకచోట విడుస్తూ పోతే ఈ గడ్డలు ఏర్పడతాయి. పూర్వం వీటిని కాల్చి సున్నం చేసేవారు. మేము ద్వారక వైపు ఒక పునాది గుంట వద్ద మేస్త్రీని అడిగి అర సంచి తెచ్చుకొని, ఆశతో ఒక్కొక్కటి పగులగొట్టాము. లోపల కదంబం లేదు. మట్టీ సున్నమూ కలిసిన ముద్ద. అయినా వాటిలో ఎక్కువ గుండ్రంగా ఉన్నదానిని అలమరలో ఉంచాము. అద్దె ఇల్లు ఉన్న ఊరిని పూర్తిగా విస్మరించడం మర్యాద కాదు.

ఈ వేటలో మాకు పదే పదే ఎదురైన చిక్కు ఒకటి చెప్పాలి. జామా మసీదు దిగువ ఉంగరపు రాళ్ళు అమ్మే ఒక పెద్దాయనను "గుండ్రనిది కావాలి" అని అడిగితే, "ఎంత గుండ్రం కావాలో చెప్పండి బాబూజీ, సాయంత్రానికి తీయించి ఇస్తాను" అన్నాడు. సానరాయిపై తిప్పితే ఏ రాయైనా గోళమే! తానంతట తాను గుండ్రమైనది కావాలని మేము వివరించబోతే, ఆయన మమ్ములను జాలిగా చూశాడు. అద్దంవలె మెరిసే గోళం ఉండగా ఈ గరుకు ముద్దకు డబ్బు పెట్టడమేమిటని ఆయన భావం. మరొకచోట గులాబీరంగు, నీలిరంగు ఓకెనైట్ చూపించారు. అది సహజంగా తెలుపే. రంగునీటిలో ముంచితే దూది రంగు పీల్చుకుంటుంది. కొనేవారికి ఇది తెలిసి ఉండటం మంచిది.

పహాడ్‌గంజ్‌లో కొన్న ఆ మొదటి రాయి ఇప్పుడు లేదు. ఎవరినీ నిందించలేము, దసరా ముందు మేమే అలమర దులుపుతూ, దుమ్ము పట్టినదని మెత్తని కుంచెతో ఒక్కసారి తుడిచాము. పోగులు వంగి, ఒకదానికొకటి అతుక్కొని, వానలో తడిసిన కోడిపిల్లవలె అయిపోయింది. విరగలేదు, ముక్క రాలలేదు. కాని గుండ్రదనం పోయింది. దుకాణదారు చెప్పినది అక్షరాలా నిజం, ఇక బాగుపడలేదు. బరాఖంబా రోడ్డు చేరువలో 1978 నుండి ఉన్న జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 2016 ఏప్రిల్ 26 తెల్లవారుజామున అగ్నికి ఆహుతి అయింది. పిల్లలతో చాలా సార్లు వెళ్ళిన చోటు. ఆ వార్త చదివిన ఉదయం మాకు మా కుంచె జ్ఞాపకం వచ్చింది. పోల్చదగిన విషయం కాదు గాని, జ్ఞాపకం వచ్చిన మాట నిజం.

ఇక అసలు కథ. మాలో ఒకరి మేనమామగారిది రాజంపేట. సెలవులకు వెళ్ళినప్పుడు వారింట వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డుపెట్టిన బూడిదరంగు రాయిని మా మిత్రుడు కాలితో జరపబోయి వేలు నొప్పించుకున్నాడు. పరిమాణానికి మించిన బరువు! వంగి చూస్తే రాయి నిండా గోళీలంత ఉండలు, లడ్డులో బూందీవలె ఒకదానినొకటి ఒరుసుకొని ఉన్నాయి. పగిలిన అంచున భూతద్దం పెట్టి చూస్తే ఉండలోపల నడిమి నుండి వెలుపలికి విచ్చుకున్న రేకులు. మా కొలబద్దకు సరిపోయినది. "ఏమిటి మామయ్యా ఇది?" అని అడిగితే, "ముగ్గురాయిరా! మంగంపేటది. లారీలు నడిపిన రోజుల్లో పడవేసినది, ముప్ఫై ఏండ్ల నుండి అక్కడే ఉన్నది" అన్నారట.

ముగ్గురాయి అంటే బెరైటీస్. రైల్వే కోడూరు సమీపాన ఉన్న మంగంపేట నిక్షేపం ఏడు కోట్ల టన్నులకు పైబడినది. ఒకేచోట ఉన్న బెరైటీస్ నిక్షేపాలలో ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేరు పొందినది. క్రింది పొర రవ్వరవ్వగా ఉంటుంది, పై పొరలో ఈ ఉండలు. అగ్నిపర్వతపు బూడిదతో వచ్చినవని కొందరు, సముద్రపు అడుగున నిదానంగా పేరుకొన్నవని కొందరు భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ వాదంలో మేము తలదూర్చము. మమ్ములను మాట పడిపోయేట్లు చేసినది వేరొకటి. డ్రిల్లింగ్‌లో పనిచేసిన ప్రతివానికీ బెరైటీస్ తెలుసు, కాని సంచిలోని పొడిగా మాత్రమే తెలుసు. బావి త్రవ్వేటప్పుడు లోపలికి పంపే బురదకు ఆ పొడి కలిపితే బరువు వస్తుంది. నీటికి నాలుగున్నర రెట్లు బరువైన రాయి కదా! ఆ బరువే అడుగున ఉన్న వాయువును పైకి తన్నుకొని రాకుండా అణచి ఉంచుతుంది. ఆ ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో 1995లో పాసర్లపూడి మంటలను చూసిన కోనసీమవారికి చెప్పనక్కరలేదు. రాత్రి డ్యూటీలలో మేము వేల సంచులు లెక్కపెట్టి సంతకాలు చేశాము, ఆ పొడి మా కనుబొమలపై పేరుకొన్నది. అది పుట్టుకతో బంతి అని ఒక్కనాడూ తెలియదు. పొడి కాకపోతే పని జరగదు. అందులో మాకు ఆక్షేపణ లేదు. ఒక్క ముక్కనైనా చూసి ఉంటే బాగుండేదనిపించింది, అంతే.

మేనమామగారిని బ్రతిమాలి ఆ రాయిని ఢిల్లీ తెచ్చుకున్నాము. నిజాముద్దీన్ స్టేషనులో సంచి ఎత్తిన కూలీ "లోపల ఇనుముందా?" అని అడిగి పది రూపాయలు అదనంగా పుచ్చుకున్నాడు. ఇప్పుడది మా అలమరలో, కంకర్ గడ్డ ప్రక్కన, కుంచెకు భయపడనవసరం లేకుండా ఉన్నది. ఉత్త చేతులతో తీసుకోవడం బాగుండదని, వసంత్ కుంజ్‌లో ఒక ఇంటి పునాది నుండి వచ్చిన క్వార్ట్‌జైట్ ముక్కను సరిగ్గా అదే పరిమాణంలో ఎంచి, వారికి పంపించాము. నూరు కోట్ల ఏండ్లకు పైబడిన ఢిల్లీ రాయి అని చీటీ కూడా వ్రాసి పెట్టాము.

నెల తిరగకుండా వారి ఉత్తరం వచ్చింది. "చిరంజీవులకు ఆశీస్సులు. మీ ఢిల్లీ రాయి చూడ ముచ్చటగా ఉన్నది. కాని తేలిక. గాలి వీచినప్పుడల్లా తలుపు దానిని నెట్టుకొని కొట్టుకొంటున్నది. మీ అత్తయ్యకు మధ్యాహ్నం నిద్ర లేదు. మా రాయి మాకు ఎప్పుడు పంపుతారు?"

ఇంకా జవాబు వ్రాయలేదు.