పద్యం వెనక పెట్టె

మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల తిరనాళ్లకు ఇంకా పద్యనాటకం ఆడిస్తున్నారు. అందుకు సంతోషం. కానీ స్టేజీ పక్కన హార్మోనియం ఉండాల్సిన చోట కీబోర్డు కనిపించిందంటే ఆ రాత్రి నాకు నాటకం మీద మనసు నిలవదు. ఈమధ్య రాయబారం సీనులో అదే జరిగింది. కృష్ణుడు మంచి గొంతున్నవాడు, పద్యం తెలిసినవాడు. రాగం తీసి ఊపిరి కోసం ఆగాడో లేదో, సినిమాలో పెళ్లి సీను మొదలైనట్టు వెనక నుంచి వయొలిన్ల మోత లేచింది. ఆయన తర్వాతి పాదం అందుకున్నాక కూడా అది తగ్గలేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ముందుకు వంగి, "పెట్టె తేలేదా బాబూ?" అని అడిగాడు. ఎవరూ బదులు చెప్పలేదు.

పద్యానికి తాళం ఉండదు. ఉత్పలమాలైనా సీసమైనా నటుడు తనకు తోచినచోట విరుస్తాడు. సమాసాన్ని సగంలో ఆపి జనం వంక చూస్తాడు. ఆఖరి పాదం చివర తారస్థాయికి ఎక్కి అక్కడే నిలబడతాడు. ఎంతసేపు నిలబడతాడో ఒక్కోసారి ఆయనకే తెలియదు. హార్మోనిస్టుకు మాత్రం తెలియాలి. పాడుతున్నంతసేపూ గొంతు కింద అణిగి ఉండాలి, ఆగగానే పైకి రావాలి, ఆ చివరి సంగతిని తిప్పి వాయించి, ఎత్తుగడ స్వరం అందించి మళ్లీ తప్పుకోవాలి. ఇందులో వేళ్ల పని సగమే, మిగతా సగం తిత్తిది. కాలితో తొక్కే పెట్టె అయితే రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి, నటుడి ఊపిరిని పాదం కనిపెట్టుకుని ఉంటుంది. తొక్కుడు పెంచితే అదే స్వరం ఉబ్బుతుంది, తగ్గిస్తే అణుగుతుంది. ఆ రాత్రి కీబోర్డు అబ్బాయి వేళ్లు చురుగ్గానే ఆడాయి. కానీ నొక్కిన స్వరం కింద గాలి లేదు.

ఇంగ్లండులో ఈ పెట్టెకో చిన్న తోబుట్టువు ఉంది, కాన్సర్టీనా. రెండు చేతుల మధ్య ఇమిడే ఆరు పలకల పెట్టె, మధ్యలో తిత్తి, రెండు కొసలా బొత్తాలు. దాన్ని రూపొందించింది ఇంటర్లో మనమంతా చదువుకున్న వీట్‌స్టన్ బ్రిడ్జి తాలూకు చార్లెస్ వీట్‌స్టనే. హార్మోనియానికి పారిస్‌లో డెబెయిన్ పేటెంటు తీసుకున్నది 1842లో. రెండింటిలోనూ గాలికి ఆడి పలికేది సన్నటి లోహపు నాలుకే. కాన్సర్టీనాలో ఆంగ్లో అనే రకానికి తిత్తి నొక్కితే ఒక స్వరం, లాగితే ఇంకో స్వరం. అందుకే దానికి నాట్యం బాగా అమరింది. 1899 క్రిస్మస్ మర్నాడు ఆక్స్‌ఫర్డ్ దగ్గర హెడింగ్టన్‌లో విలియం కింబర్ అనే తాపీమేస్త్రి మోరిస్ అనే జానపద నాట్యానికి దాన్ని వాయిస్తుంటే సంగీత ఉపాధ్యాయుడు సెసిల్ షార్ప్ విన్నాడు. అక్కడి జానపద నృత్యాలు మళ్లీ లేచి నిలబడటంలో ఆ రోజుకు పెద్ద పాత్ర ఉంది. తర్వాతి తరాల్లో అలిస్టర్ ఆండర్సన్, జాన్ కిర్క్‌పాట్రిక్ లాంటివాళ్లు కాన్సర్టీనాను కచేరీ వేదికల మీద నిలబెట్టారు. పాడే మనిషే కాన్సర్టీనా కూడా వాయిస్తున్నప్పుడు తిత్తి తెరుచుకునే చోటు, గొంతు ఊపిరి తీసుకునే చోటు ఎలా కలుస్తాయో వినండి. మన స్టేజీ మీద అదే పని ఇద్దరు మనుషులు చేసేవారు.

మన దగ్గర ఈ పెట్టెకు జరిగిన అవమానం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం చల్లారదు. 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో హార్మోనియాన్ని వెలివేసింది. అప్పుడు రేడియో పెద్ద లయొనెల్ ఫీల్డెన్. రవీంద్రనాథ్ ఠాగూర్‌కూ ఆ వాయిద్యం గిట్టేది కాదు. 1948 డిసెంబర్ 1న బెజవాడ కేంద్రం మొదలైనప్పుడూ ఆ నిషేధం అమల్లోనే ఉంది. 1971లో గాని అది సడలలేదు. మెట్ల మీద గమకం పలకదు, స్వరస్థానాలు బిగించేసి ఉంటాయి అన్నది హార్మోనియం వద్దన్నవాళ్ల వాదన. కచేరీలో తోడి రాగానికి ఆ మాట చెల్లుతుంది. పద్యానికి ఎందుకు చెల్లాలి? గమకం సంగతి గొంతు చూసుకుంటుంది. పెట్టె ఆ గొంతుకు నిలబడేచోటు చూపిస్తే చాలు. మైకులు లేని రోజుల్లో అంత జనానికి వినిపించేలా హెచ్చు శ్రుతిలో పాడే నటుడికి ఆ ఆసరా లేకపోతే రాత్రంతా గొంతు నిలిచేదా? జగదేకవీరుని కథకు సంగీతం కూర్చిన మన కృష్ణాజిల్లా పెండ్యాల నాగేశ్వరరావు నాటకాల్లో హార్మోనియం వాయించి పైకొచ్చినవాడే. గమకం తెలియని చేతులా అవి?

నా చిన్నప్పుడు ఒక హార్మోనిస్టు నది అవతలి ఒడ్డు నుంచి పడవ మీద ఫెర్రీ దగ్గర దిగేవాడు. పెట్టె ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని పైపలక విప్పి, ఇత్తడి రీడ్లు ఒక్కొక్కటే పలికించి చూసేవాడు. కొస దగ్గర కాస్త గీకితే శ్రుతి పెరుగుతుందని, మొదట్లో గీకితే తగ్గుతుందని మా పిల్లలందరికీ చూపించాడు. ఆ రాత్రి హరిశ్చంద్ర. బలిజేపల్లి వారి నాటకమే అయినా కాటి సీనులో జాషువా పద్యాలు పడాల్సిందే, అది ఆనవాయితీ. ఒక పద్యం అయ్యాక ఆయన వెంటనే వాయించలేదు. ఒక్క స్వరం పట్టుకుని అలాగే ఉంచాడు. జనం ఒన్స్‌మోర్ అనడం కూడా మరిచిపోయారు. ఆ రాగం ఏదో తర్వాత ఎంతమందినో అడిగాను. తలా ఒక పేరు చెప్పారు.

కొండపల్లి మీదుగా మైలవరం ఎంతో దూరం లేదు. అక్కడి జమీందారు పోషించిన నాటక కంపెనీ పేరు ఆంధ్రదేశమంతా మోగింది. ఆ ఊరు వెళ్లినప్పుడల్లా పెద్దవాళ్లను కదిలిస్తాను. ఆ కంపెనీ నటులు యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి పేర్లు వెంటనే చెబుతారు, వాళ్ల తండ్రులు విన్న పద్యాల ముచ్చట్లు చెబుతారు. మరి పెట్టె ఎవరు వాయించేవారండీ అని అడిగితే, "ఎవరో ఉండేవారు లెండి" అని మళ్లీ యడవల్లి దగ్గరికే వచ్చేస్తారు.