దాహం – క్షేత్రధర్మం

గుంటూరు, ప్రకాశం సీమల మిరప కల్లాలలో చైత్రమాసపు ఎండ నిప్పులు చెరుగుతుంది. తాలుకాయలు ఏరే శ్రామికురాలి దేహం స్వేదంతో తడుస్తుంది. రక్తంలో నీరు తగ్గి లవణసాంద్రత పెరుగుతుంది. ఆ స్వల్పభేదాన్ని మెదడు అడుగుభాగాన ఉన్న హైపోథాలమస్ గ్రహిస్తుంది. తాను నిర్మించి పిట్యూటరీ గ్రంథిలో నిలువ ఉంచిన వాసోప్రెసిన్ అనే హార్మోనును రక్తంలోకి విడుదల చేయిస్తుంది. మూత్రపిండాలు నీటిని తిరిగి రక్తానికి అప్పగిస్తాయి, దాహమూ ఉదయిస్తుంది.

బఠాణీ గింజంత పిట్యూటరీని గ్రంథులన్నిటికీ అధిపతి అంటారు. ఆ అధిపతినీ ఆజ్ఞాపించేది హైపోథాలమస్. దానినీ శాసించేది రక్తస్థితి. నీరు అందగానే ఆ ఆజ్ఞ ఉపసంహృతమవుతుంది. ఈ వలయంలో స్వతంత్రకర్త ఎవరు? "నేనే చేస్తున్నాను" అనే అహంకారానికి ఇక్కడ చోటెక్కడ? భగవద్గీత 13వ అధ్యాయం దేహాన్ని క్షేత్రమన్నది, దానిని ఎరిగేవాణ్ణి క్షేత్రజ్ఞుడన్నది. హైపోథాలమస్ సైతం క్షేత్రంలోనిదే. ఎరుక దానికి సాక్షి.

అయినా ఈ వివేకం కర్తవ్యవిముఖతకు సాకు కారాదు. దేహం ఉన్న నీటిని పొదుపు చేయగలదు గాని, పోయిన నీటిని సృష్టించుకోలేదు. కల్లం గట్టున చలివేంద్రపు కడవ నింపి, ఫలాపేక్ష లేక దోసిట నీరు పోసే సాధకునిలో జ్ఞానం సేవగా పండుతుంది.