గుడ్డు మీద లేని అంకె

నామక్కల్ అనగానే కొందరికి లారీలు గుర్తొస్తాయి, చాలామందికి గుడ్లు. ఇక్కడి కోళ్ల ఫారాల వాళ్లలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనవాళ్లూ ఉన్నారు. బ్యాంకులో నా బల్ల ముందు కూర్చుని క్షేమసమాచారాలు తెలుగులో అడుగుతారు. అంకెల దగ్గరికి వచ్చేసరికి తమిళంలోకి దిగుతారు.

కిందటేడు ఐదువేల కోళ్ల షెడ్డుకు అప్పు కావాలని ఒక తల్లీకొడుకూ వచ్చారు. కొడుకు పంజరాలకు కొటేషన్ తెచ్చాడు. తల్లికి మాత్రం ఊక పరిచిన నేల మీదే పెంచాలని పట్టుదల. పొలం ఆమె పేరున ఉంది. ఆమె సంతకం లేనిదే కాగితం కదలదు.

"కాళ్లుండేది నడిచేదానికి గదా నాయనా?" అన్నదామె.

ఆ ప్రశ్న ఏ పద్దులోకి వస్తుందో కామర్స్ పుస్తకాల్లో లేదు. అందుకని ఇద్దరి ముందూ లెక్క వేశాను.

నేల మీదైతే కోడికి సుమారు 2 చదరపు అడుగులు కావాలి. పంజరంలో 450 నుంచి 550 చదరపు సెంటీమీటర్లు, అంటే మనం టైపు చేసే ఎ4 కాగితమంత కూడా కాదు. వరసలు ఒకదానిపై ఒకటి కట్టవచ్చు గనుక అదే షెడ్డులో రెండింతలకు పైగా కోళ్లు పడతాయి. గుడ్డు దానంతటదే ముందుకు దొర్లుతుంది. రెట్ట కిందికి పోతుంది. పనివాళ్లు తక్కువ చాలు. నేల మీది కోడి తిరుగుతుంది, గీరుతుంది, ఊకలో పొర్లుతుంది. ఆ తిరుగుడుకు దాణా కావాలి.

రోజుకు 5 గ్రాములే ఎక్కువ తింటుందనుకుందాం. ఏడాదికి 1.825 కిలోలు. కిలో 30 రూపాయల చొప్పున కోడికి 54.75 రూపాయలు, ఐదువేల కోళ్లకు 2,73,750. కొడుకు తల్లి వైపు చూశాడు. అదే మొత్తాన్ని కోడికి 300 చొప్పున 15 లక్షల గుడ్లకు పంచితే గుడ్డుకు 18 పైసలు. "ఇంతేనా?" అన్నది తల్లి.

స్థలం, కూలి, పగిలిన గుడ్లు కలిపితే పైసలు పెరుగుతాయి గాని తీరు మారదు. తినేవాడికి కంటికి ఆనని ఖర్చు, పెంచేవాడికి ఏడాది వడ్డీ.

మన తెలుగువారైన బి.వి. రావు గారి పూనికతో 1982లో నెక్ ఏర్పడ్డాక, వ్యాపారి చెప్పిన ధరకు తలొగ్గే స్థితి నుంచి రైతు బయటపడ్డాడు. అది చిన్న మేలు కాదు. అయితే ప్రకటించే ధర గుడ్డుకే గాని, కోడి ఎక్కడ నిలబడి పెట్టిందో దానికి కాదు.

ఐరోపా వాళ్లు 1999లో చట్టం చేసి, 2012 జనవరి 1 నుంచి మామూలు పంజరాలను నిషేధించారు. రైతుకు పన్నెండేళ్లకు పైగా గడువిచ్చారు. అక్కడ గుడ్డు మీదే అంకె ముద్రిస్తారు: 3 అంటే పంజరం, 2 అంటే షెడ్డులో నేల, 1 అంటే ఆరుబయట తిరిగేది, 0 అంటే సేంద్రియం. కొనేవాడు చూసి కొంటాడు.

మన అట్టలో ఆ అంకె లేదు. నగరాల్లో పంజరం లేని గుడ్లంటూ పెట్టెల్లో ఎక్కువ ధరకు అమ్ముతున్నారు గాని, ఈ తల్లీకొడుకులకు అలాంటి కొనుగోలుదారు ఎవరూ లేరు. పంజరాలకే అప్పు మంజూరు చేశాను. ఆమె మారుమాట లేకుండా సంతకం పెట్టింది.

కోడికి చోటివ్వమని రైతుకు చెప్పడం తేలిక. ఆ 18 పైసలు నేనిస్తానని కొనేవాడెవరైనా కాగితం మీద రాసిస్తే, నేల షెడ్డుకూ అప్పిస్తాను.