ఒకే మైదానం, రెండు జట్లు

డరమ్ పొగాకుతో ఎదిగిన ఊరు. నార్త్ కరొలైనాలోని ఈ నగరంలో ఒకప్పటి సిగరెట్ ఫ్యాక్టరీ పక్కనే డరమ్ బుల్స్ అథ్లెటిక్ పార్క్ ఉంది. 1995లో తెరిచిన ఈ బేస్‌బాల్ స్టేడియంలో పదివేలమంది కూర్చోవచ్చు. ఇక్కడ ఆడే బుల్స్ జట్టు పేరు కూడా 'బుల్ డరమ్' పొగాకు నుంచి వచ్చిందే. 1988లో అదే పేరుతో వచ్చిన సినిమా ఆ జట్టును దేశమంతటికీ పరిచయం చేసింది. ఆ సినిమా తీసింది మాత్రం ఇక్కడ కాదు, ఊళ్లోని పాత మైదానంలో.

స్టేడియం నగరానిది. దాన్ని వాడుకునేది ఒక్క బుల్స్ మాత్రమే కాదు. డ్యూక్ యూనివర్సిటీ బేస్‌బాల్ జట్టుకు క్యాంపస్‌లో జాక్ కూంబ్స్ ఫీల్డ్ ఉన్నా, ఆ కుర్రాళ్లు ఎన్నో మ్యాచ్‌లు ఇక్కడే ఆడారు. కాలేజీ సీజన్ ఫిబ్రవరి చలిలో మొదలవుతుంది. బుల్స్ వసంతంలో దిగి సెప్టెంబరు దాకా ఆడతారు. ఏప్రిల్, మే నెలల్లో రెండు జట్ల తేదీలూ ఢీకొంటాయి. బుల్స్ పొరుగూళ్లకు వెళ్లిన వారాలు చూసుకుని కాలేజీ మ్యాచ్‌లు పెట్టుకోవాలి.

మైదానం ఒకటే అయినా ఆట చప్పుడు వేరు. 1974 నుంచి కాలేజీల్లో అల్యూమినియం బ్యాట్లకు అనుమతి ఉంది, బంతి తగిలితే టింగుమంటుంది. బుల్స్ ఆడేది ట్రిపుల్-ఎ స్థాయిలో, అంటే మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద. అక్కడ కొయ్య బ్యాటే వాడాలి. లోహపు బ్యాటుతో గట్టెక్కే దెబ్బకు కొయ్య బ్యాటు ఒక్కోసారి చేతిలోనే విరుగుతుంది. ఎడమ పక్క 32 అడుగుల నీలి గోడ మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఈ పంపకం భారమంతా మైదానం చూసుకునేవాళ్ల మీద పడుతుంది. పిచర్ నిలబడి బంతి విసిరే మట్టి దిబ్బ పది అంగుళాల ఎత్తుంటుంది. విసిరిన ప్రతిసారీ ముందుకాలు దాదాపు ఒకే చోట పడి గుంట తవ్వుతుంది. మ్యాచ్ అయ్యాక ఆ గుంటలోని పొడి మట్టిని ఊడ్చేసి, నీళ్లు చల్లి, కొత్త బంకమట్టి పోసి, దిమ్మిసతో కొట్టి, పైన టార్పాలిన్ కప్పుతారు. తడి ఎక్కువైతే కాలు జారుతుంది, తక్కువైతే మట్టి పెళ్లలుగా లేస్తుంది. రెండు జట్లు ఆడే చోట ఈ పని మరింత పెరుగుతుంది.

కాలేజీ మ్యాచ్‌కు వచ్చే కొద్దిమందికి ఇంత స్టేడియం బోసిగా కనిపిస్తుందన్న మాటలో నిజం లేకపోలేదు. అయినా ఈ ఏర్పాటు మంచిదే. ఇవాన్ లాంగోరియా, డేవిడ్ ప్రైస్, బ్లేక్ స్నెల్ లాంటివాళ్లు బుల్స్ తరఫున ఆడి పైకి వెళ్లినవాళ్లు. వాళ్లు ఆడిన మట్టి మీదే పందొమ్మిదేళ్ల విద్యార్థి బంతి విసరగలగడం చిన్న విషయం కాదు. ప్రజల డబ్బుతో కట్టిన మైదానం ఏడాదిలో ఎంత ఎక్కువ రోజులు ఆటకు తెరిచి ఉంటే అంత న్యాయం.

పక్కనున్న కేరీ, మోరిస్‌విల్‌లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మోరిస్‌విల్ చర్చ్ స్ట్రీట్ పార్కులో క్రికెట్ చూసే మనవాళ్లు ఒకసారి పిల్లల్ని తీసుకుని ఇక్కడికీ రావాలి. కాస్త ముందే వచ్చి, ఆట మొదలయ్యేలోపు ఆ మట్టిని సిద్ధం చేసేవాళ్ల పని కూడా చూడండి.